బెరడు మీద అర్జీ

ఇవాళ ఉదయం క్లాసులో బోర్డు మీద ఏమీ రాయలేదు. తెర మీద ఒక్క ఫొటో పెట్టి కాసేపు ఊరుకున్నాను. 1963 ఆగస్టులో ఉత్తర ఆస్ట్రేలియాలోని యిర్కలా నుంచి అక్కడి మూలవాసులైన యోల్ంగు ప్రజలు ఆస్ట్రేలియా పార్లమెంటుకు పంపిన అర్జీ అది. మధ్యలో టైపు చేసిన కాగితం, వాళ్ళ భాషలోనూ ఇంగ్లీషులోనూ. ఆ కాగితాన్ని చెట్టు బెరడు మీద అతికించారు. అంచు చుట్టూ సన్నని గీతలు, జంతువుల బొమ్మలు.

"ఇందులో అర్జీ ఎక్కడుంది?" అని అడిగాను. దాదాపు అందరూ కాగితాన్నే చూపించారు. ఒకమ్మాయి మాత్రం కొంచెం తటపటాయించి, "అంచు కూడా ఏదో చెబుతోంది కదా మేడమ్, ఊరికే అందం కోసమైతే అంత ఓపికగా వేస్తారా?" అంది. ఆ మాట పట్టుకునే మిగతా గంటంతా నడిచింది.

బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వకాల కోసం ప్రభుత్వం, మూలవాసులకని కేటాయించిన వాళ్ళ రిజర్వులోంచి కొంత భూమిని వాళ్ళను అడక్కుండానే విడదీసింది. మా మాట వినండి అని కాగితం అడుగుతోంది. ఆ భూమి ఎవరిదో అంచు చెబుతోంది. ఆ చిత్రాలు ఎవరు పడితే వాళ్ళు వేసేవి కావు. ఒక్కో వంశానికి దాని నేల, దాని పాటలు, దాని క్రతువులు ఎలా ఉంటాయో చిత్రాలూ అలాగే ఉంటాయి. అంటే పార్లమెంటు సభ్యుల ముందు పెట్టింది పట్టాతో సహా అర్జీ. గని ఆగలేదు. 1971లో కోర్టులోనూ ఓడిపోయారు. 1976లో యిర్కలా ఉన్న నార్తర్న్ టెరిటరీకి భూహక్కుల చట్టం రావడం వెనుక మాత్రం ఆ పోరాటం ఉంది.

ఈ పాఠాన్ని కళలతో ఎందుకు చెబుతానో ఇక్కడ రాసుకోవాలనిపిస్తోంది. మూలవాసుల ఆలోచన గురించి చెప్పేటప్పుడు మామూలుగా జరిగేది ఇది: సిద్ధాంతం వ్యాసాల్లోంచి వస్తుంది, బొమ్మ పక్కన ఉదాహరణగా నిలబడుతుంది. ఆలోచించేది విశ్వవిద్యాలయం, అలంకరించేది ఆదివాసి. వలస పాలన వేసిన వరుస సరిగ్గా ఇదే. దాన్ని అలాగే ఉంచి వలసవాదం మీద ఎంత ఘాటుగా మాట్లాడినా పిల్లలకు అందేది పాత పాఠమే. బొమ్మే వాదన, పాటే చట్టం అయిన చోట వాటిని అలాగే చదవడం నేర్పాలి.

మధ్యాహ్నం పాట వంతు. కెనడాలో గిట్‌క్సాన్, వెట్సువెటెన్ ప్రజలు తమ భూమి కోసం వేసిన కేసు చెప్పాను. 1987లో మేరీ జాన్సన్ అనే గిట్‌క్సాన్ పెద్దావిడ సాక్ష్యమిస్తూ తమ వంశగాథలోని పాట పాడబోతే జడ్జి అడ్డుచెప్పాడు. తనకు సంగీతం చెవికెక్కదనీ, పాడి ప్రయోజనం లేదనీ ఆయన అభ్యంతరం. ఆమె పాడింది. 1991 తీర్పు వాళ్ళకు వ్యతిరేకంగా వచ్చింది. 1997లో కెనడా సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, మౌఖిక చరిత్రలకు సాక్ష్యంగా తగిన విలువ ఇవ్వాల్సిందేనని చెప్పి, మళ్ళీ విచారణ జరపమంది.

దీన్ని నాటకంగా వేద్దామని ఒకబ్బాయి ఉత్సాహపడ్డాడు. మేరీ జాన్సన్ వేషం ఎవరికీ ఇవ్వనన్నాను. ఆ పాటకు హక్కుదారులున్నారు, మనం కాదు. మనం వేయదగ్గ పాత్ర ఒకటే, వినేవాళ్ళది. అందుకని తమ ఇంట్లో పెద్దవాళ్ళ నోట విన్న పాట ఎవరైనా పాడమన్నాను. ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ పాట పాడింది. మిగతావాళ్ళు జడ్జీలు. ఈ పాట దేనికి సాక్ష్యమో రాయాలంటే ఇంకా ఏమేం తెలియాలి? మొదట మొహమాటపడ్డారు, తర్వాత ప్రశ్నలు వరసకట్టాయి. ఎవరు ఎవరికి నేర్పారు, ఎప్పుడు పాడతారు, ఎవరి ముందు పాడరు, ఇందులో పేరున్న చోటు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది. వినడానికి ఇంత పని ఉందని వాళ్ళకు వాళ్ళే కనుక్కున్నారు. నేను గంట సేపు ఉపన్యసించినా ఇది వచ్చేది కాదు.

క్లాసయ్యాక ఇంకొకబ్బాయి వచ్చి, ప్రాజెక్టుకి ఆస్ట్రేలియా చుక్కల చిత్రం ఒకటి వేసి తెస్తానన్నాడు. వద్దన్నాను, కారణం కూడా చెప్పాను. 1971లో మధ్య ఆస్ట్రేలియాలోని పపున్యాలో ఎడారి పెద్దలు బోర్డుల మీద ఇలాంటి చిత్రాలు వేయడం మొదలుపెట్టినప్పుడు, బయటివాళ్ళు చూడకూడనివి కొన్ని ఆ తొలి చిత్రాల్లోకి వచ్చాయని వాళ్ళ ప్రజల్లోనే అభ్యంతరాలు లేచాయి. చిత్రకారులు తమ పద్ధతి మార్చుకున్నారు. ఏది చూపాలి, ఏది దాచాలి అన్న నిర్ణయమే ఆ కళలో సగం. ఆ నిర్ణయంలో భాగం లేనివాళ్ళం చుక్కలు మాత్రం తెచ్చుకుంటే అది నేర్చుకోవడం కాదు, మళ్ళీ తీసుకోవడం. "మరి నేనేం వెయ్యాలి?" అన్నాడు దిగాలుగా. నీకు తెలిసిన ఒక చోటు తీసుకో, దాని గురించి చెప్పే హక్కు నీకు ఎలా వచ్చిందో కూడా కనబడేలా వెయ్యి అన్నాను. కష్టమైన పనే. వాడు చేయగలడు.

మార్కులు ఎలా వేస్తారని స్టాఫ్‌రూమ్‌లో అడిగారు. గీత ఎంత నున్నగా వచ్చిందో చూడను. ఎవరిని అడిగారు, ఎవరి పేరు చెప్పారు, ఎక్కడ ఆగారు, ఇవి చూస్తాను. ఆగడానికి కూడా మార్కులుంటాయి.

రేపు న్గురారా కాన్వాసు. 1997లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రేట్ శాండీ ఎడారి ప్రజలు భూహక్కు కేసు కోసం వేసింది, ఎనిమిది మీటర్లకు పది. ట్రిబ్యునల్ ముందు ఒక్కొక్కరూ తమ నేల ఉన్న భాగం మీదికి వెళ్ళి నిలబడి తమ భాషలో మాట్లాడారు. 2007లో హక్కు గుర్తించారు. ఆ కొలత తెర మీద ఎవరికీ అందదు. గదిలో బల్లలు అడ్డం, కాబట్టి బయట ఖాళీ స్థలంలో సుద్దతో గీయిస్తాను. లోపల ఏమీ వేయం, కొలత ఒక్కటే. ఎండెక్కకముందే మొదలుపెట్టాలి. టేపు ఎవరి దగ్గరుందో పొద్దున్నే అడగాలి.