మరీనా బేలో దిగి, హార్బర్‌ఫ్రంట్‌లో ఎక్కి

రెండు క్రూయిజ్ టికెట్ల మీదా ఊరి పేరు ఒక్కటే, సింగపూర్. శుక్రవారం పొద్దున మొదటి ఓడ దిగాలి, అదే సాయంత్రం రెండో ఓడ బయల్దేరుతుంది. బుక్ చేసిన ఏజెంటు "పోర్టు ఒకటేనండీ, ఇటు దిగి అటు ఎక్కేయడమే" అన్నాడు. రెండో ఓడ బోర్డింగ్ పాసులో అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న టెర్మినల్ పేరు చదివాక గానీ తెలియలేదు, ఆ ఇటుకీ అటుకీ మధ్య ఏడు కిలోమీటర్ల దాకా నగరం ఉందని. ఓడలో తిండి గురించీ మలేషియాలోని పెనాంగ్ వీధుల గురించీ రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ శుక్రవారం పొద్దున గడిచే నాలుగు గంటల గురించి మాత్రం ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

సింగపూర్‌లో క్రూయిజ్ ఓడలకు రెండు చోట్లున్నాయి. పాతది హార్బర్‌ఫ్రంట్‌లోని సింగపూర్ క్రూయిజ్ సెంటర్, వివోసిటీ మాల్ పక్కనే. కొత్తది 2012లో తెరిచిన మరీనా బే క్రూయిజ్ సెంటర్. పాతది ఉండగా ఇంకోటి కట్టడానికి ఒక కారణం తలెత్తి చూస్తే కనిపిస్తుంది. హార్బర్‌ఫ్రంట్ నుంచి సెంటోసా దీవికి వెళ్లే కేబుల్ కారు తీగలు సరిగ్గా ఓడలు తిరిగే నీళ్ల మీదుగా పోతాయి. 1983 జనవరి 29న ఎనివెటోక్ అనే డ్రిల్లింగ్ ఓడ మీది ఎత్తైన డెరిక్ (తవ్వకానికి వాడే ఉక్కు గోపురం) ఆ తీగలకు తగిలి, రెండు కేబిన్లు సముద్రంలో పడి ఏడుగురు చనిపోయారు. నీటి మట్టం నుంచి 52 మీటర్లు దాటిన ఓడ ఇప్పుడు అక్కడికి రాకూడదు. ఈ రోజుల్లో పెద్ద ఓడలన్నీ ఆ ఎత్తు దాటినవే. కాబట్టి మీ టికెట్ మీద పదహారు, పద్దెనిమిది అంతస్తుల ఓడ పేరుంటే మరీనా బే అనుకోవచ్చు. చిన్న, మధ్యరకం ఓడైతే రెండింట్లో ఏదైనా కావచ్చు, టెర్మినల్ పేరు చదివి తీరాలి. నేనైతే బుక్ చేసిన రోజే చదవాల్సింది.

అసలు చిక్కు దూరం కాదు, వీసా. వేళ్ల మీద లెక్కపెట్టండి. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో విమానంలో దిగినప్పుడు ఒక ఎంట్రీ. మొదటి ఓడ తిరిగొచ్చినప్పుడు రెండోది. రెండో ఓడ తిరిగొచ్చినప్పుడు మూడోది. ఓడ ఎక్కామంటే సింగపూర్ దాటి వెళ్లిపోయినట్టే లెక్క, పాస్‌పోర్టు అక్కడా చూస్తారు. మన పాస్‌పోర్టుకు సింగపూర్ వీసా తప్పనిసరి కనుక, సింగిల్ ఎంట్రీ వీసాతో రెండు క్రూయిజ్‌లు పెట్టుకుంటే మొదటి ఓడ దగ్గరే కథ ఆగిపోతుంది. వీసా చేతికి రాగానే దాని మీద 'మల్టిపుల్' అనే మాట ఉందో లేదో చూడాలి. మల్టిపుల్ అడిగినా ఇచ్చి తీరాలన్న నియమం లేదు. అందుకే వీసా వచ్చాకే రెండో ఓడకు పూర్తి డబ్బు కట్టడం మంచిది.

ఎంట్రీలు మూడైతే ఎస్‌జీ అరైవల్ కార్డులూ మూడు. సింగపూర్‌లో దిగే ముందు మన వివరాలతో ఆన్‌లైన్‌లో నింపే ఈ కార్డుకు పైసా ఖర్చు లేదు. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపలే దాన్ని పంపాలి. మాది మంగళవారం బయల్దేరి శుక్రవారం తిరిగొచ్చే ఓడ. అంటే రెండో కార్డు ఇంటి దగ్గరా నింపలేం, ఓడ ఎక్కేముందూ నింపలేం. బుధవారం నుంచే కుదురుతుంది, అప్పటికి ఓడలో ఉంటాం, అక్కడ వైఫై రోజు లెక్కన డాలర్లలో. బుధవారం ఓడ పెనాంగ్‌లో ఆగింది. అక్కడి రేవు స్వెటెన్‌హామ్ పీర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే జార్జిటౌన్ లిటిల్ ఇండియా. అక్కడ టీ తాగుతూ ఫోన్ సిగ్నల్ మీదే ఇంట్లో అందరి కార్డులూ పంపేశాం. వచ్చిన జవాబులు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి, నడిసముద్రంలో మెయిల్ తెరుచుకోదు. ఫారంలో 'ఎలా వచ్చారు' అన్నచోట సముద్రమార్గం, కింద ఓడ పేరు. అలవాటు కొద్దీ విమానం నంబరు వేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

రెండో ఓడ ఆన్‌లైన్ చెక్-ఇన్ మాత్రం మొదటి ఓడ ఎక్కకముందే ముగించాలి. ఫోటో, పాస్‌పోర్టు వివరాలు, బోర్డింగ్ సమయం, లగేజీ ట్యాగుల ప్రింటు, అన్నీ. ఈ ట్యాగులు మామూలు కాగితం మీద ప్రింటు తీసి, మడిచి, పెట్టె పిడికి చుట్టి స్టేపుల్ కొట్టేవి. చిన్న స్టేప్లర్, పారదర్శకమైన టేపు చేతిసంచిలో పడేసుకోండి. టేపు చుట్టకపోతే మధ్యలో చిరిగిపోతాయి. రెండో ఓడ ట్యాగు ముందే తగిలించకండి. మొదటి ఓడ దిగే ముందురోజు రాత్రి పెట్టెలు క్యాబిన్ బయట పెడితే వాటికి రంగూ నంబరూ ఉన్న వేరే ట్యాగు ఉంటుంది, దాన్ని బట్టే కింద హాల్లో వరసలు పేరుస్తారు. ఒకే పిడికి రెండు ఓడల ట్యాగులు వేలాడితే పెట్టె ఏ వరసలో తేలుతుందో చెప్పలేం. పాతది పూర్తిగా కత్తిరించాకే కొత్తది. కత్తెర లేకపోతే గోళ్ల కత్తెర చాలు.

రాత్రి బయట పెట్టేసిన పెట్టె పొద్దున టెర్మినల్‌లో గానీ కనబడదు. బీపీ, షుగర్ మాత్రలు, మర్నాటి బట్టలు, చెప్పులు, ఛార్జరు చేతిసంచిలో ఉండాలి. పాస్‌పోర్టు సంగతి ఇంకా ముఖ్యం. కొన్ని ఓడలు ఎక్కగానే పాస్‌పోర్టులు తీసుకుని చివరి రోజుకు ముందు తిరిగిస్తాయి. ఆ కౌంటరు ఏ డెక్‌లో, ఎన్ని గంటలకన్నది క్యాబిన్‌కు వచ్చే రోజువారీ కాగితంలో ఉంటుంది. పెట్టెలు సొంతంగా ఈడ్చుకోగలిగితే 'సెల్ఫ్ డిసెంబార్కేషన్' కింద అందరికంటే ముందు దిగొచ్చు. పెద్దవాళ్లుంటే అది వద్దు. గెస్ట్ సర్వీసెస్ దగ్గర విషయం చెప్పి తొందరగా దిగే నంబరు ట్యాగులు అడిగితే ఇస్తారు.

డబ్బు దగ్గర ఇంకో మెలిక. ప్రతి ఓడా కార్డు మీద కొంత మొత్తం హోల్డు పెడుతుంది, అంటే ఆ డబ్బు మనం వాడుకోకుండా ఆపి ఉంచుతుంది. మొదటి ఓడ బిల్లు తేలిపోయినా ఆ హోల్డు వదలడానికి రోజులు పడుతుంది, ఈలోపు రెండో ఓడ మరోటి పెడుతుంది. ఫారెక్స్ కార్డులో సరిపడా మాత్రమే వేసుకెళ్లినవాళ్లకు ఇక్కడే చేతులు కట్టేసినట్టవుతుంది. క్రెడిట్ కార్డు ఇవ్వండి, ఫారెక్స్ కార్డు టాక్సీకీ తిండికీ ఉంచుకోండి.

ఓడ ఏడింటిలోపే మరీనా బేలో ఆగింది. ఎనిమిదింపావుకు దిగాం, ఇమిగ్రేషన్ ముగిసి పెట్టెలు తీసుకునేసరికి తొమ్మిది దగ్గర పడింది. టాక్సీ వరస బయట ఎండలోకి సాగింది. సాధారణ టాక్సీలో నలుగురు మనుషులు పడతారు గానీ డిక్కీలో రెండు పెద్ద పెట్టెలకు మించి పట్టవు, మనవాళ్ల పెట్టెలకైతే ఆరుగురు కూర్చునే బండి అడగాలి. పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9:30 వరకు మీటరు మీద 25 శాతం అదనం. అరగంట కూర్చుని బయల్దేరితే ఆ డబ్బు మిగులుతుంది, వరసా తగ్గుతుంది. సామాను తక్కువైతే ఎంఆర్‌టీ, అంటే అక్కడి మెట్రో రైలు, నయం. టెర్మినల్ దగ్గరి స్టేషన్ మరీనా సౌత్ పీర్, ఎర్ర గీత లైను కొస. అక్కడ ఎక్కి రెండో స్టేషన్ రాఫెల్స్ ప్లేస్‌లో ఆకుపచ్చ లైనుకు మారాలి. మళ్లీ రెండో స్టేషన్ ఊట్రమ్ పార్క్‌లో ఊదా లైనుకు మారితే తర్వాతి స్టేషనే హార్బర్‌ఫ్రంట్. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. ఊట్రమ్ పార్క్‌లో నడక ఎక్కువ, లిఫ్టు కోసం వెతుక్కోవాలి. ఆఫీసు వేళ పెట్టెలతో ఆ రైలు ఎక్కడం మీకూ కష్టం, పక్కవాళ్లకూ కష్టం.

హార్బర్‌ఫ్రంట్‌లో తప్పు వరసలో నిలబడటం చాలా తేలిక. ఇండోనేషియాలోని బాతమ్ దీవికి వెళ్లే ఫెర్రీలూ అక్కడి నుంచే. పెట్టెలతో జనం కనిపించగానే అటు నడుస్తాం, ఫెర్రీ వాళ్లు టికెట్ చూసి వెనక్కి పంపుతారు. బోర్డు మీద ఓడ పేరు కనబడే దాకా వరసలో చేరొద్దు. బోర్డింగ్ మధ్యాహ్నానికి గానీ మొదలవదు, ఓడ కదలడానికి గంటకు పైగా ముందే గేటు మూసేస్తారు. పెట్టెలు ముందు తీసుకుంటారేమో కౌంటర్లో అడిగి, తీసుకుంటే అప్పగించేసి వివోసిటీకి వెళ్లండి. ఏసీ, బాత్రూములు, ఫుడ్ కోర్టు, సూపర్‌మార్కెట్ అన్నీ అక్కడే. ఇడ్లీ సాంబారు తినాలనిపిస్తే అదే ఊదా లైనులో లిటిల్ ఇండియా ఉంది, సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్. వెళ్లి రావడానికి రెండు గంటలు చాలు, పెట్టెలు చేతిలో లేకపోతేనే.

మొదటి ఓడలో కొన్న మద్యం సీసాలు రెండు చోట్ల అడ్డుపడతాయి. చివరి మజిలీ మలేషియా అయితే సింగపూర్‌లో సుంకం మినహాయింపు ఉండదు, దానికి కావలసిన 48 గంటలు బయట ఉన్నా సరే. సిగరెట్లకు మినహాయింపు అసలే లేదు, ఒక్క పెట్టె అయినా చెప్పి సుంకం కట్టాల్సిందే. ఆ తర్వాత రెండో ఓడ స్కానర్ దగ్గర సీసాలు పక్కన పెట్టి చివరి రోజు ఇస్తారు. ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె, చిన్న రైస్ కుక్కర్ కూడా స్కానర్ దగ్గర ఆగిపోయే సరుకే. ఇంట్లో పెట్టిన ఆవకాయ సీసా కన్నా సీలు విప్పని పచ్చడి పాకెట్లు నయం. శాకాహారం, ఉల్లి వెల్లుల్లి లేని భోజనం లాంటివి మొదటి ఓడకు రాసిచ్చినంత మాత్రాన రెండో ఓడకు తెలియవు, కంపెనీ ఒకటే అయినా మళ్లీ రాయాలి.

ఒకే ఓడలో వరసగా రెండు క్రూయిజ్‌లు చేసేవాళ్ల పరిస్థితి పూర్తిగా వేరు. క్యాబిన్ అదే అయితే పెట్టెలు కదలవు, ట్రాన్సిట్ కార్డు ఇచ్చి ఒక గుంపుగా ఇమిగ్రేషన్ చేయించి మళ్లీ ఎక్కిస్తారు. ఓడ మారితే ఆ సాయం ఏదీ ఉండదు, రెండు టికెట్లూ వేరు ఒప్పందాలు. మొదటి ఓడ ఆలస్యమైందని రెండోది ఆగదు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రెండు ప్రయాణాల తేదీలూ ఒకే పాలసీలో పడేలా, ఓడ తప్పిపోతే వర్తించే క్లాజు ఉండేలా చూసుకోవాలి.

రెండున్నరకు రెండో ఓడ ఎక్కాం. ఆ ఓడ ఇచ్చిన కొత్త క్యాబిన్ కార్డు మీద ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి, ప్రమాదంలో చేరాల్సిన చోటు అది. మూడు రోజుల కిందటే మస్టర్ డ్రిల్ (ఆ చోటు చూసి వచ్చే భద్రతా అభ్యాసం) చేశామని చెప్పినా అక్కడి అమ్మాయి ఒప్పుకోలేదు, ఒప్పుకోకూడదు కూడా. పాత ఓడలో మాది డెక్ నాలుగు ఎడమ వైపు, ఇక్కడ డెక్ ఆరు కుడి వైపు. మెట్లెక్కి ఆ తలుపు దాకా వెళ్లి కార్డు స్కాన్ చేయించుకున్నాకే క్యాబిన్‌కు వెళ్లాం. రేవు వైపు కిటికీలోంచి చూస్తే కేబుల్ కారు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి మా పొగగొట్టం పైనుంచి సెంటోసా వైపు పోతున్నాయి.