విండోస్ 11కి మారాక ఆగిపోతూ వచ్చిన మా డీటీపీ కంప్యూటరు: నా అనుభవం

కావలిలో ట్రంకు రోడ్డు పక్క సందులో పదిహేనేళ్ళుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, గుళ్ళ కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, సంవత్సరీకాల కార్డులు మా పని. వీటన్నిటికీ ఆధారం 2018 చివర్లో కొన్న ఒకే ఒక్క కంప్యూటరు. అందులో 2001లో విడుదలైన, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ 7, దానితో కలిసి పనిచేసే తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేరు ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేరు తెరుచుకోవాలంటే బొటనవేలంత ఉండే యూఎస్‌బీ లాక్ ఒకటి కంప్యూటరుకు గుచ్చి ఉండాలి. మా పాత ఫైళ్ళేవీ అన్ని కంప్యూటర్లలోనూ తెలుగును ఒకేలా చూపే యూనికోడ్‌లో లేవు. ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరిస్తే పెళ్ళికూతురి పేరు ఉండవలసిన చోట పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. అందువల్ల ఈ కంప్యూటరు ఆగిపోవడమంటే పదిహేనేళ్ళ పని మొత్తానికి తలుపు మూసుకుపోవడమే.

విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఫైళ్ళు పట్టుకొని పెన్‌డ్రైవులతో వచ్చేవారు రోజుకు ఇరవై మందికి తక్కువ ఉండరు కాబట్టి, రక్షణ లేని సిస్టమ్ మీద దుకాణం నడపడం నాకు సరైనదిగా తోచలేదు. మా ప్రాసెసరు ఎనిమిదో తరం ఇంటెల్ కావడంతో విండోస్ 11కి అర్హత ఉంది. అందుకు అవసరమైన టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు మాత్రం బయోస్‌లో, అంటే కంప్యూటరు మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో, ఆపివేసి ఉంటే ఆన్ చేశాను. దీపావళి తర్వాత వచ్చిన ఆదివారం, అక్టోబరు 26న, ఫైళ్ళన్నిటినీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకొని అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. రెండు గంటల్లోపే పూర్తయింది. ఫాంట్లు, ప్రింటర్లు, ఫైళ్ళు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

మరునాడు పొద్దున బోగోలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన శుభలేఖకు అచ్చుతప్పులు దిద్దుతుండగా తెర ఒక్కసారిగా నల్లబడింది. తెల్లటి అక్షరాలతో ఏదో వాక్యం, కింద ఒక చిన్న వరుస కనిపించాయి. చదివేలోపే కంప్యూటరు తనంతట తానే తిరిగి మొదలైంది. సిస్టమ్ కూలిపోయినప్పుడు వచ్చే, మనందరికీ అలవాటైన నీలి తెర 2025 వేసవి తర్వాత విండోస్ 11లో నల్ల తెరగా మారింది. ఆ సంగతి తెలియక, ఇది మానిటరు లోపమేమోనని మొదట కేబుల్ మార్చి చూశాను. ఆ సాయంత్రంలోగా మరో రెండుసార్లు అదే జరిగింది.

ఆ వారంలోనే మొంథా తుపాను వచ్చింది. 28వ తేదీ రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది గాని, మా వైపు కూడా వానలు గట్టిగానే కురిశాయి, కరెంటు పోతూ వస్తూ ఉంది. దాంతో నా అనుమానం యూపీఎస్ మీదికి మళ్ళింది. కంప్యూటరులో జరిగినవన్నీ నమోదై ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ విభాగం చూస్తే, కెర్నెల్ పవర్ 41 అనే ఎర్ర గుర్తు వరుసలు కనిపించాయి. పేరులో పవర్ అని ఉండడంతో నా అనుమానం నిజమేననుకొని యూపీఎస్ బ్యాటరీకి 1,200 రూపాయలు ఖర్చు పెట్టాను. ఆ ఖర్చు అవసరం లేనిది. 41 అనే నమోదుకు అర్థం "కంప్యూటరు సక్రమంగా మూతపడకుండానే మళ్ళీ మొదలైంది" అని మాత్రమే. కరెంటు పోయినా అదే వస్తుంది, సిస్టమ్ కూలిపోయినా అదే వస్తుంది. తేడా తెలియాలంటే ఆ నమోదులోని డీటెయిల్స్ తెరిచి, బగ్‌చెక్ కోడ్ అనే వరుస చూడాలి. కరెంటు పోయినప్పుడు అక్కడ సున్నా ఉంటుంది. నేను ఆ రాత్రి ఒక్కొక్కటీ తెరిచి చూస్తే, 28న నిజంగా కరెంటు పోయిన సమయానికి సున్నా ఉంది, మిగిలిన ప్రతిదానిలోనూ 209 ఉంది. కంప్యూటరు తనకు ఏమైందో మొదటి రోజు నుంచీ రాసిపెడుతూనే ఉంది, చదవవలసిన వరుస ఏదో తెలియక నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను.

తర్వాతి అనుమానం ర్యామ్ మీద. కొన్నప్పుడు ఉన్న 8 జీబీకి తోడుగా రెండేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో మరో 8 జీబీ వేయించాను. కేబినెట్ తెరిచి రెండు ర్యామ్‌లూ తీశాను. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ బంగారు రంగు అంచుల మీద మసక పొర పట్టడం మామూలే. మా అమ్మాయి పెన్సిలు రబ్బరుతో ఆ అంచులను ఒకే వైపుకు నెమ్మదిగా రుద్ది, రాలిన పొడిని బ్రష్‌తో తుడిచి, మొదట ఒకటి, తర్వాత రెండోది విడివిడిగా పెట్టి నడిపాను. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ రెండింటిలోనూ లోపం చూపలేదు. ఏ ఒక్కటి పెట్టినా కంప్యూటరు మాత్రం ఆగిపోతూనే ఉంది.

ఆ దశలో నాకు వచ్చిన సలహాలన్నీ ఒక్కటే. పక్క వీధిలో రిపేర్లు చేసే కుర్రవాడు చూసి, "ఏందన్నా ఇంత ఆలోచిస్తా ఉండావు, ఫార్మాట్ కొట్టేస్తే పోలా?" అన్నాడు. వాడి మంచితనాన్ని నేను కాదనను. కానీ కారణం తెలియకుండా ఫార్మాట్ చేస్తే, మళ్ళీ అవే ప్రోగ్రాములు వేసుకున్నాక అదే లోపం తిరిగి రాదన్న హామీ ఎక్కడుంది? పైగా పాత సాఫ్ట్‌వేరును కొత్త విండోస్ మీద మొదటి నుంచి ఎక్కించడం చాలా ఇబ్బందితో కూడిన పని. ఇంకొక దారి వెనక్కి విండోస్ 10కి పోవడం. అప్‌గ్రేడ్ చేసిన పది రోజుల లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ పేజీలో "గో బ్యాక్" అనే బటన్ ఉంటుంది. నా లెక్క ప్రకారం ఆ గడువు నవంబరు 5న, కార్తీక పౌర్ణమి రోజున, తీరిపోతుంది. ఇంతలో బోగోలు పెద్దాయన ఫోను చేసి, "అబ్బయ్యా, ముహూర్తం దగ్గర పడతా ఉండాది, కార్డులు ఎప్పుడిస్తావో ఖాయంగా చెప్పు" అన్నారు. సోమవారం ఇస్తానని మాట ఇచ్చాను.

30వ తేదీ రాత్రి, షిఫ్ట్ కీ నొక్కి ఉంచి రీస్టార్ట్ ఎంచుకొని, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా సేఫ్ మోడ్‌లోకి వెళ్ళాను. పరికరాలను విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రాములను డ్రైవర్లు అంటారు. సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు తప్పనిసరైన డ్రైవర్లను మాత్రమే ఎక్కించుకుంటుంది. మూడు గంటలు నడిపినా ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రాసెసరు, ర్యామ్, డిస్కు బాగానే ఉన్నాయనీ, బయటి నుంచి వచ్చి చేరిన డ్రైవరో సాఫ్ట్‌వేరో ఇందుకు కారణమనీ దీనితో దాదాపు తేలింది. పేజ్‌మేకర్ తెరవబోతే తెలుగు సాఫ్ట్‌వేరు లాక్ కనబడలేదని చెప్పింది. కేబినెట్ వెనక్కి వంగి చూస్తే, ఎప్పుడూ ఎర్రగా వెలిగే లాక్ దీపం ఆరిపోయి ఉంది. సేఫ్ మోడ్ కదా, సహజమేలే అనుకొని వదిలేశాను. ఆరిపోయిన ఆ దీపమే అసలు జాడ అని ఇంకా రెండు రోజుల దాకా నాకు తట్టలేదు.

తట్టేలా చేసింది బిల్లు పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్న లెక్క. ఎన్నింటికి ఆగింది, అప్పటికి ఏయే ప్రోగ్రాములు తెరిచి ఉన్నాయి, ప్రింటరు నడుస్తోందా, ఏమేం గుచ్చి ఉన్నాయి అని ప్రతిసారీ రాస్తూ వచ్చాను. నవంబరు 1 శనివారం మధ్యాహ్నానికి పదకొండు వరుసలయ్యాయి. ఆ పదకొండింటిలో ప్రింటరు నాలుగుసార్లే నడుస్తోంది. బ్రౌజరు ఆరుసార్లు తెరిచి ఉంది. తెలుగు సాఫ్ట్‌వేరు మాత్రం పదకొండుసార్లూ తెరిచి ఉంది. అది మూసి ఉన్న గంటల్లో, ఫోటోషాప్‌లో పాత ఫోటోలు బాగుచేస్తున్నప్పుడు, కంప్యూటరు ఒక్కసారీ ఆగలేదు.

అనుమానం చాలదు, రుజువు కావాలి. సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని స్టార్టప్ అండ్ రికవరీ పేజీలో, ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ కావడాన్ని సూచించే టిక్కు తీసేశాను. అప్పుడు నల్ల తెర నిలకడగా నిలబడింది. "డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్" అని దాని మీద రాసి ఉంది. ఈవెంట్ వ్యూయర్‌లోని 209 కూడా ఈ పేరుకు సంఖ్యారూపమే. తర్వాత సీ డ్రైవులో విండోస్ ఫోల్డరు లోపలి మినీడంప్ ఫోల్డరు తెరిచాను. సిస్టమ్ కూలిపోయిన ప్రతిసారీ ఆ క్షణంలో మెమరీలో ఏముందో క్లుప్తంగా నమోదు చేసిన చిన్న ఫైలు అక్కడ చేరుతుంది. బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో వాటిని తెరిస్తే, విండోస్ సొంత కెర్నెల్ ఫైలు పేరుతో పాటు మరొక సిస్ ఫైలు, అంటే డ్రైవరు ఫైలు, పేరు అలాంటి ప్రతి ఫైలులోనూ గులాబీ రంగులో కనిపించింది. ఆ ఫైలు ప్రాపర్టీస్ చూస్తే తేదీ 2009. అది లాక్ డ్రైవరు.

విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసొలేషన్ పేజీకి వెళ్ళి, మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణను ఆన్ చేయబోతే, పొసగని డ్రైవర్ల జాబితాలోనూ అదే పేరు వచ్చింది. రెండు వేర్వేరు చోట్ల ఒకే పేరు రావడంతో నాకు సందేహం తీరిపోయింది.

మామూలు ప్రోగ్రాములో లోపం ఉంటే విండోస్ ఆ ఒక్క ప్రోగ్రామును మూసేసి ఊరుకుంటుంది. డ్రైవరు అలా కాదు, అది సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌తో కలిసి, అదే అధికారంతో నడుస్తుంది. అత్యవసరమైన పని జరుగుతున్న వేళ డ్రైవరు ముట్టుకోకూడని మెమరీ చిరునామాను ముట్టుకుంటే, మీ ఫైళ్ళు పాడుకాకుండా ఉండడానికి విండోస్ మొత్తం పనినే నిలిపివేస్తుంది. ఆ నల్ల తెరను నేను వారం పాటు శత్రువుగా చూశాను, నిజానికి అది నా ఫైళ్ళను కాపాడడానికి వేసిన అడ్డు. ఇక విండోస్ 10లో ఇన్నాళ్ళూ నడిచిన డ్రైవరు ఇప్పుడెందుకు తప్పుతోందంటే, అప్‌గ్రేడ్ మన పాత డ్రైవర్లను కూడా వెంట తీసుకుపోతుంది. 2009లో రాసిన డ్రైవరు ఆనాటి కెర్నెల్‌ను మనసులో పెట్టుకొని రాసినది.

తీసివేయడం సులువనుకున్నాను. కంట్రోల్ ప్యానెల్ నుంచి లాక్ డ్రైవరును తొలగించి, కంప్యూటరును తిరిగి మొదలుపెట్టి, లాక్ గుచ్చాను. దీపం ఎర్రగా వెలిగింది. డ్రైవరు లేనప్పుడు వెలగకూడని దీపం ఎలా వెలిగిందని గుండె జారిపోయింది. పది నిమిషాలకు పదమూడో వరుస రాసుకోవలసి వచ్చింది. విండోస్ ప్రతి డ్రైవరుకూ ఒక ప్రతిని డ్రైవర్ స్టోర్ అనే ఫోల్డరులో దాచుకుంటుంది. పరికరం గుచ్చగానే అక్కడి నుంచి మళ్ళీ అదే పాత ప్రతిని ఎక్కించుకుంది. అడ్మినిస్ట్రేటరుగా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పీఎన్‌పీయుటిల్ ఆదేశంతో బయటి డ్రైవర్ల జాబితా తీసి, అందులో లాక్ డ్రైవరుకు విండోస్ పెట్టుకున్న ఓఈఎం నంబరు కాగితం మీద రాసుకొని, ఒకటికి రెండుసార్లు సరిచూసి, ఆ ఒక్కదాన్నే తొలగించాను. నంబరు తప్పితే వేరే పరికరం డ్రైవరు పోతుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. ఈసారి లాక్ గుచ్చితే దీపం వెలగలేదు. దీపం వెలగనందుకు అంతగా సంతోషించిన రోజు నాకు మరొకటి లేదు.

సాఫ్ట్‌వేరు అమ్మినవారికి ఫోను చేసి విషయం చెబితే, విండోస్ 11కి సరిపోయే కొత్త లాక్ డ్రైవరు తమ దగ్గర ఉందనీ, అడిగినవారికి పంపుతున్నామనీ చెప్పి, ఆ రాత్రే లింకు పంపారు. అది ఎక్కించాక దీపం వెలిగింది, పేజ్‌మేకర్ తెరుచుకుంది. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పది దాకా కావాలనే అన్నీ ఒకేసారి తెరిచి ఉంచి పని చేశాను. పద్నాలుగో వరుస రాయవలసిన అవసరం కలగలేదు. సోమవారం మధ్యాహ్నం ట్రేసింగ్ కాగితం మీద లేజర్ ప్రింటు తీసి ప్రెస్సుకు పంపి, సాయంత్రానికి బోగోలు పెద్దాయనకు మూడు వందల కార్డులు చేతికిచ్చాను. ఆయన ఒక కార్డు తీసి కూతురి పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకొని, "బాగుండాది అబ్బయ్యా" అన్నారు.

అయినా వెనక్కి వెళ్ళే దారి మూసుకోవడానికి మనసొప్పలేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇచ్చే డిజమ్ ఆదేశంతో, విండోస్ 10కి తిరిగి వెళ్ళే ఆ పది రోజుల గడువును అరవై రోజుల దాకా పెంచుకోవచ్చు, కాకపోతే గడువు తీరకముందే ఆ పని చేయాలి, పాత విండోస్ దాచి ఉండే విండోస్ ఓల్డ్ అనే ఫోల్డరును చెరపకుండా ఉంచాలి. నవంబరు 4 రాత్రి దాన్ని ముప్పై రోజులకు మార్చాను. ఆ నెలంతా ప్రతి శనివారం దుకాణం మూసే ముందు ఈవెంట్ వ్యూయర్ తెరిచి 41 కోసం వెతికాను. ఒకే ఒక్కటి కనిపించింది, లోపల చూస్తే సున్నా ఉంది. అది మా వీధిలో ట్రాన్స్‌ఫార్మరు పేలిన రోజు.

పాత లాక్ డ్రైవరు సీడీ ఇప్పటికీ బీరువాలోనే ఉంది. దాని కవరు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో, మా దగ్గర పనిచేసే కుర్రాళ్ళకు కూడా కనపడేలా పెద్దగా రాసి పెట్టాను: "విండోస్ 11లో వేయరాదు. కొత్త డ్రైవరు డీ డ్రైవులో లాక్ అనే ఫోల్డరులో ఉంది."