కొహిమా గుట్ట మీద మనవాళ్ళు

దిమాపూర్ స్టేషన్ బయట సుమోవాళ్ళతో బేరం కుదరదు. ముందు సీటుకో రేటు, వెనక సీటుకో రేటు, సామానుకి మళ్ళీ వేరే. బండి నిండితే గానీ కదలరు. నాగాలాండ్ రాజధాని కొహిమా డెబ్బై కిలోమీటర్ల పైచిలుకే అయినా, నాలుగు లైన్ల రోడ్డు పనులూ వానా కలిసి ప్రాణం తీశాయి. పాగలా పహాడ్ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. పైనుంచి రాళ్ళు దొర్లే చోటది. డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగిపోయాడు. సుమోలో ఉన్నవాళ్ళందరి కళ్ళూ కొండ మీదే.

అలా కదలకుండా కూర్చున్నప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. మాది శ్రీకాకుళం వైపు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. కూలికని రంగం వెళ్ళినవాళ్ళు లేని వీధి ఉండేది కాదు. 1942లో జపాన్‌వాళ్ళు బర్మాలోకి వచ్చేసరికి ఓడ దొరకనివాళ్ళు కాలినడకన బయల్దేరారు. "కొండలన్నీ నడుసుకొచ్చీసినారు నాయనా, సగంమంది దార్లోనే పోనారు" అని నాయనమ్మ చెబుతుంటే అవి ఏ కొండలో అడగాలని అప్పట్లో తోచలేదు. మణిపూర్ మీదుగా వచ్చినవాళ్ళు ఇంఫాల్ నుంచి దిమాపూర్‌లో రైలు దొరికేదాకా ఈ దారినే వచ్చారు. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ యుద్ధం మన ఒడ్డును అలా తాకి వెళ్ళిపోయిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

కొహిమాలో టాక్సీ మాట్లాడిపెట్టిన ఏజెంటు, రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల సమాధులున్న వార్ సిమెట్రీకి అరగంట కేటాయించాడు. "చూడడానికి పెద్దగా ఏం లేదు సార్, ఫోటోలు తీసుకుని వచ్చేయండి" అన్నాడు. ఆ మాటకి నాకు ఇప్పటికీ మంటగానే ఉంది.

సిమెట్రీ ఊరి నడిమధ్యలో ఉంది. కింద హారన్ల మోత, గేటు దాటి లోపలికి వెళితే గుట్ట మీదికి మెట్లు మెట్లుగా కోసిన పచ్చిక. టికెట్ లేదు. గేటు దగ్గరే బ్రిటిష్ సెకండ్ డివిజన్ వాళ్ళ నిలువురాయి. "ఇంటికి వెళ్ళాక మా గురించి చెప్పండి, మీ రేపటి కోసం మా ఈరోజును ఇచ్చామని" అన్న ప్రసిద్ధ వాక్యం దాని మీదే ఉంది. వచ్చినవాళ్ళలో చాలామంది దాని ముందు నిలబడి ఫోటో దిగి అటునుంచి అటే వెళ్ళిపోతున్నారు.

ఇక్కడున్న సమాధులు 1,420. నిలువెత్తు రాళ్ళేం కావు, మోకాలి ఎత్తు కూడా లేని దిమ్మెల మీద కంచు ఫలకాలు. చదవాలంటే నడుం వంచాల్సిందే. పేరు, నెంబరు, దళం, చనిపోయిన తేదీ, వయసు. వయసుల దగ్గరే నా చూపు ఆగిపోయింది. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై మూడు. కొన్నింటి అడుగున ఇంటివాళ్ళు రాయించుకున్న ఒక వాక్యం. కొన్నింటికి పేరే లేదు. ఒక ఫలకం మీద వాననీళ్ళు అక్షరాల గుంటల్లో నిలిచి ఉంటే అక్కడి తోటమాలి గుడ్డతో అద్ది, పక్క మొక్క తల కొంచెం వంచి, పేరు కనబడేలా చేసి వెళ్ళాడు. ఎవరో చెబితే చేసినట్టు లేదు.

మధ్య అంతస్తులో టెన్నిస్ కోర్టు. డిప్యూటీ కమిషనర్ చార్లెస్ పాసీ బంగళా ఉండిన చోటు. బంగళా మిగల్లేదు, కోర్టు గీతలు మాత్రం తెల్లగా కట్టి ఉంచారు. 1944 ఏప్రిల్‌లో ఈ గీతలకి అటు జపాన్ 31వ డివిజన్, ఇటు మనవాళ్ళూ బ్రిటిష్‌వాళ్ళూ. చేత్తో విసిరితే గ్రెనేడ్ పడేంత దూరం. నేను ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూశాను, నడక మొదలుపెట్టగానే అయిపోయింది. ముట్టడిలో చిక్కినవాళ్ళకి నీళ్ళు కొలిచి పోసేవారు, సరుకులు విమానాల నుంచి జారవిడిచేవారు, వాటిలో కొన్ని శత్రువు వైపు పడేవి. ఏప్రిల్ 18న దారి చీల్చుకుని మొదట లోపలికి చేరింది పంజాబ్ రెజిమెంట్ మొదటి బెటాలియన్. పోరు జూన్ 22 దాకా సాగింది.

ఏజెంటు చెప్పిన అరగంట ఇక్కడికే అయిపోయింది. డ్రైవరు ఫోన్ మీద ఫోన్. నేను పైకే ఎక్కాను.

గుట్ట కొసన ఉన్నది దహన స్మారకం. హిందూ, సిక్కు సైనికులు 917 మంది. వాళ్ళ ఆచారం ప్రకారం అగ్నికి అప్పగించారు కాబట్టి వాళ్ళకి సమాధుల్లేవు, ఇక్కడ పేర్లే ఉన్నాయి. కింద అంత సందడి, పైన ఒక్క ముసలాయన తప్ప ఎవరూ లేరు. భుజాన అంగామీ నాగాల శాలువా. అక్కడి వాడుక భాష నాగామీస్ కలిసిన హిందీలో ఎక్కడి నుంచని అడిగాడు. ఆంధ్రా అన్నాను. "మీవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?" అన్నాడు.

లేరు అనబోయి ఆగిపోయాను. వేలు పెట్టి చదువుతూ పోయాను. సింగ్‌లు, రామ్‌లు. ఆయన ఏమీ తొందరపెట్టలేదు. వాళ్ళ నాన్న ఈ గుట్టల నుంచి గాయపడినవాళ్ళని స్ట్రెచర్ మీద మోసినవాడట. ఊరు కాలిపోతే ఇంటివాళ్ళంతా అడవిలో తలదాచుకున్నారట. తను మోసిన గాయపడినవాళ్ళలో గోరాలూ ఉన్నారు, మీవాళ్ళూ ఉన్నారు, బరువులో తేడా లేదని నాన్న అనేవాడని చెప్పాడు.

మనం బడిలో చదువుకున్నది జపాన్‌తో కలిసి పోరాడిన అవతలి పక్క. నేతాజీ, ఆజాద్ హింద్ ఫౌజ్, అదే ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మోయిరాంగ్‌లో ఎగిరిన జెండా. ఆ పేజీ చదువుతుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ గుట్ట మీద పంజాబీలు, రాజ్‌పుత్‌లు, అస్సాం రెజిమెంట్ కుర్రాళ్ళు ఇటువైపు నిలబడి చచ్చిపోతున్నారన్నది మా పుస్తకంలో ఒక్క వాక్యం కూడా లేదు. తెల్లవాడి జీతానికి పోరాడారు కదా అంటారు. మా ఊళ్ళో రంగం వెళ్ళినవాళ్ళూ కడుపు కోసమే వెళ్ళారు. వీళ్ళని ఒక మెట్టు తక్కువ చేసి చూడడం నాకైతే చేతకాదు.

కిందికి దిగాక వెయిటింగ్ ఛార్జీ అని డ్రైవరు గట్టిగానే అడిగాడు. ఇచ్చేశాను. మీరు వెళితే అరగంట ప్యాకేజీకి ఒప్పుకోకండి. పొద్దున్నే వెళ్ళండి, ముందు గుట్ట పైదాకా ఎక్కేసి, పేర్లు చదువుకుంటూ కిందికి రండి. నాగాలాండ్‌లోకి వెళ్ళడానికి కావలసిన అనుమతి పత్రం, ఇన్నర్ లైన్ పర్మిట్, ముందే తీసి ఉంచుకోండి. మణిపూర్ పరిస్థితుల వల్ల నాకు మోయిరాంగ్ ఈసారి కుదరలేదు. దారి బాగుంటే మీరు ఇంఫాల్ మీదుగా అక్కడికీ వెళ్ళండి, రెండు పక్కలా మనవాళ్ళే కాబట్టి.