పాత కామ్రీ, పోయిన మర, పదహారేళ్ల పిల్ల

అమెరికాలో మన పిల్లలకి పదహారు నిండగానే చేతికొచ్చేది చాలాసార్లు ఇంట్లోని పాత టొయోటా కామ్రీయే. అది 2002–2006 మధ్య 2.4 లీటర్ల 2ఏజెడ్-ఎఫ్ఈ ఇంజిన్‌దైతే దానికో పేరుమోసిన జబ్బుంది: ఇంజిన్ పైభాగాన్ని (హెడ్) కింది భాగానికి (బ్లాకు) బిగించే హెడ్ బోల్టుల మర అల్యూమినియం బ్లాకులోంచి ఊడొస్తుంది. ఎక్కువగా పోయేవి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) వైపు, మధ్యలో ఉన్న మూడు. బయట చుక్క కనపడకుండానే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గుతూ ఉంటుంది, ఎండలో బండి వేడెక్కుతుంది, హెడ్ వెనక అతుకు దగ్గర చెమ్మ తేలుతుంది. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. ఆ లాగుడంతా మెత్తటి మర మీదే పడుతుంది.

షాపులో చేయిస్తే కూలి ఖర్చే కారు ధరని మించొచ్చు. గరాజ్‌లో చేసుకోవచ్చు గానీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పిల్లని పిలవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. వీడియో కాల్‌లో తాతయ్య "చదువుకునే పిల్లకి ఈ మెకానిక్ పనేంట్రా" అంటారు, అననివ్వండి.

పాత రంధ్రాన్ని డ్రిల్లుతో పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో లోపల మర ఉన్న కొత్త తొడుగు దించాలి. ఇక్కడ హెలికాయిల్ అనే తీగచుట్ట స్ప్రింగు కన్నా టైమ్‌సర్ట్ లాంటి గట్టి గొట్టపు తొడుగు (బుష్) మేలు. ఈ ఇంజిన్‌కి ఎం11 (11 మి.మీ. బోల్టు), 1.5 పిచ్ (మర చుట్ల మధ్య దూరం, మి.మీ.లలో), పొడుగు రకం కిట్ కావాలి. పోయిన మూడింటికే కాదు, పది బోల్టులకీ వెయ్యండి. మిగతావి రేపు పోవని ఎవరూ పూచీపడలేరు.

హెడ్ దించాక వైపర్ల కింద ఉండే రేకు (కౌల్) తీసేస్తే వెనక బోల్టులకి డ్రిల్లు నిలువుగా దిగే చోటు దొరుకుతుంది. సిలిండర్లు, ఆయిల్ దారులు, నీటి దారులు టేపుతో, గుడ్డతో మూసెయ్యండి. కళ్లద్దాలు ఇద్దరికీ ఉండాలి. డ్రిల్లు వంకరపోతే పని చెడినట్టే, అందుకే గైడ్ ప్లేటు వాడాలి. మీరు డ్రిల్లు పట్టుకుంటే పిల్ల పక్కనుంచి మూలమట్టం ఆనించి చూస్తుంది: "కుడికి వాలింది నాన్నా." "తిన్నావా, పడుకున్నావా" దాటని ఇంటి తెలుగుకి ఇక్కడ పని పడుతుంది. ఇంగ్లీషులో జవాబిచ్చినా దిద్దకండి. బిట్ తిరుగుతుంటే భాషా పాఠం వద్దు.

మర కోసే పనిముట్టు, ట్యాప్, మాత్రం పిల్ల చేతికే ఇవ్వండి, ముందు వైపు సులువుగా అందే రంధ్రంతో మొదలుపెట్టించండి. ట్యాపింగ్ ఆయిల్ వేసి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. పిచ్ 1.5 గనక 30 మి.మీ. లోతుకి 20 చుట్లు పడతాయి. ఎక్కడైనా బిగుసుకుంటే బలం పెట్టకుండా వెనక్కి తీసి లోహపు పొడి దులపాలి, లేకపోతే ట్యాప్ లోపలే విరుగుతుంది. ఆ "పట్టేసింది" అనే ఒత్తిడి వేళ్లకి తెలియాలంటే మీరు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. మన తల్లిదండ్రులకి కష్టమైనది అదే. "ఇటివ్వు, నేను చేస్తా" నోటి చివరే ఉంటుంది.

తర్వాత బ్రేక్ క్లీనర్ కొట్టి, గాలి ఊది, రంధ్రం అడుగు దాకా ఆరబెట్టండి. అడుగున నూనెగానీ నీళ్లుగానీ మిగిలితే బోల్టు దిగేటప్పుడు పోవడానికి దారిలేక బ్లాకు చిట్లుతుంది. బుష్‌ని కిట్‌లోని డ్రైవర్‌తో (బుష్‌ని తిప్పి దించే పనిముట్టు), ఆ డ్రైవర్‌కి వాడే నూనె రాసి దించాలి. చివర్లో ఒక్కసారి బిగుసుకుని మళ్లీ వదులవుతుంది, అంటే అడుగు మర విచ్చుకుని గోడని పట్టిందన్నమాట. బుష్ అంచు బ్లాకు మట్టానికి పైకి రాకూడదు, గోరుతో తడిమించండి.

హెడ్‌కీ బ్లాకుకీ మధ్య కొత్త గ్యాస్కెట్ (అతుకు మూసే పలక), కొత్త బోల్టులు వాడాలి. మధ్యనుంచి బయటికి, మాన్యువల్ వరసలో, మీ బండి ఏడాదికి అది చెప్పిన బిగువుకి బిగించి, ఎంత తిరిగిందో కనపడేలా బోల్టు తలల మీద పెయింటు చుక్కలు పెట్టించి మరో 90 డిగ్రీలు తిప్పాలి. ఎంత మూసినా కొంత పొడి కిందికి దిగుతుంది, అందుకని స్టార్ట్ చెయ్యకముందే ఆయిల్, ఫిల్టర్ మార్చెయ్యండి. కొన్ని వారాలపాటు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ రిజర్వాయర్ మట్టం చూడటం బండి నడిపేవాళ్ల వంతు.