సెడర్ బల్ల దగ్గర మా అమ్మాయికి వచ్చిన ప్రశ్న

అమెరికాలో మేముండే పిట్స్‌బర్గ్‌లో స్క్విరల్ హిల్ యూదులు ఎక్కువగా ఉండే పేట. ఫోర్బ్స్, మర్రే వీధులు కలిసే చోట ఉన్న గడియారం మీద అంకెల బదులు హీబ్రూ అక్షరాలుంటాయి. మా పిల్లలకి పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి ఎంత అలవాటో ఈ వీధులూ అంతే.

యూదుల పస్కా పండక్కి పక్కింటివాళ్ళు సెడర్ అనే పండగ భోజనానికి పిలుస్తారు. వడ్డించే ముందు చాలాసేపు పుస్తకం చదువుతారు, ఈజిప్టు రాజు ఫరో కింద బానిసలుగా పడున్న తమవాళ్ళు ఎలా బయటపడ్డారో ఆ కథ. ఈ రాత్రికీ మిగతా రాత్రులకీ తేడా ఏమిటని ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు అడగాలి, పెద్దవాళ్ళు చెప్పి తీరాలి. ఫరో మనుషుల మీద పడ్డ పది తెగుళ్ళ, అంటే దేవుడు పంపిన విపత్తుల పేర్లు చదువుతూ ఒక్కోదానికి వేలు వైన్‌లో ముంచి పళ్ళెంలో ఒక్కో బొట్టు వేస్తారు, పిల్లలైతే ద్రాక్షరసంలో. శత్రువులైనా సరే, వాళ్ళూ బాధపడ్డారు కాబట్టి మన గ్లాసులో సంతోషం ఆ మేరకు తగ్గాలట. గెలిచిన కథ చెప్పుకుంటూ ఓడినవాళ్ళ కోసం ఇలా ఆగడం నేనింకెక్కడా చూడలేదు.

ఇదంతా భోజనాల దగ్గరే ఆగిపోదు. 2018 అక్టోబర్ 27, శనివారం పొద్దున మా పేటలోని ట్రీ ఆఫ్ లైఫ్ అనే సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థన మందిరంలో, ఒకడు 11 మందిని కాల్చి చంపాడు. శరణార్థులకి సాయం చేసే హయాస్ అనే యూదు సంస్థ మీద వాడికి అక్కసు. అప్పుడు ఊళ్ళో ముస్లింలు బాధితుల కోసం చందాలు పోగుచేశారు, మరుసటి ఏడు న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పులు జరిగితే ట్రీ ఆఫ్ లైఫ్ వాళ్ళు అక్కడి ముస్లింల కోసం పోగుచేశారు. అలాగని అందరిదీ ఒకే మాట కాదు, ఇజ్రాయెల్ సంగతి వస్తే ఆ బల్ల దగ్గరే గట్టిగా వాదించుకుంటారు. కానీ పిల్లల్ని లోపలికి పొమ్మనరు.

మొన్న ఇంటికొస్తూ మా అమ్మాయి అడిగింది. “అమ్మా, మనకీ ఇలాంటి కథ ఉందా? అందులో మనం బానిసలమా, ఫరో మనుషులమా?”

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గుంటూరు జిల్లాలో తాతయ్య పొలంలో పనిచేసే మాల మాదిగలకి కాఫీ గ్లాసులు వేరు, కొట్టం చూరులో పెట్టేవి, తాగాక వాళ్ళే కడిగి మళ్ళీ అక్కడే దోపాలి. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు, 2014లో హైకోర్టు ముద్దాయిల్ని వదిలేసింది. అదే జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము యూదులమని, బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుని అదే 1991లో సినగాగ్ పెట్టుకున్నాయి. తెలుగు మాట్లాడే ఆ ఇళ్ళలోనూ పస్కా చేస్తారు. అది విని మా అమ్మాయి చాలా ఆశ్చర్యపోయింది.

మన పిల్లలకి ఇక్కడ వేమన పద్యాలు నేర్పిస్తాం, కూచిపూడికి పంపిస్తాం, సంక్రాంతికి ముగ్గులు వేయిస్తాం, మంచిదే. కులం సంగతి వస్తే మాత్రం “ఇక్కడ అవన్నీ ఎందుకు” అంటాం, మరోపక్క కులాల వారీగా వాట్సాప్ గ్రూపులు నడుపుకుంటాం. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తే మన పరువు పోయిందని బాధపడ్డవాళ్ళు చాలామంది కనిపించారు. నాకది అస్సలు అర్థం కాలేదు. ఫరో దగ్గర బానిసలమని చెప్పుకోవడం వాళ్ళకి పరువు తక్కువ కానప్పుడు, మావాళ్ళు ఫలానా తప్పు చేశారని పిల్లలకి చెప్పడానికి మనకెందుకంత భయం?

అంబేడ్కర్ జయంతి ఏప్రిల్ 14, పస్కా కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది. పస్కా ఎనిమిది రోజులూ పక్కింటివాళ్ళు అన్నం, పప్పు కూడా ముట్టరు, అందుకని అది అయిపోయాక వచ్చే ఆదివారం వాళ్ళని మా ఇంటికి భోజనానికి పిలుస్తున్నాం. 1927లో మహారాష్ట్రలోని మహద్‌లో, దళితుల్ని ముట్టనివ్వని చెరువు నీళ్ళు అంబేడ్కర్ తాగిన కథ ముందు చదివి తర్వాత వడ్డిస్తాం. మా అమ్మాయి ప్రశ్నలు రాసుకుంటోంది. గ్లాసుల సంగతి చెప్పడానికి మా అమ్మని వీడియో కాల్‌లో కూర్చోబెడదామంటోంది, అమ్మ కూడా సరేనంది.