ఉప్పునీటి ట్యాంక్ సైక్లింగ్ లాగ్: చేపలు వేసేముందు జరిగిందంతా

సైక్లింగ్ అంటే చేపల వ్యర్థాల్లోంచి వచ్చే విషాన్ని మార్చేసే బ్యాక్టీరియాని చేపలు రాకముందే ట్యాంక్‌లో పెంచుకోవడం. ముందు సెటప్ సంగతి. ట్యాంక్ 200 లీటర్లది, కానీ రాళ్లూ ఇసుకా వేశాక లోపల పట్టిన నీళ్లు 160 లీటర్లే. ఈ 160 చాలా ముఖ్యం, ఎందుకంటే తర్వాత వేసే ప్రతి డోసూ దీని మీదే లెక్క, అద్దం కొలతల మీద కాదు. నింపేటప్పుడే బకెట్ బకెట్‌కీ రాసుకుంటూ పోస్తే నంబర్ సరిగ్గా దొరుకుతుంది, నిండిపోయాక అంచనా వెయ్యడం కష్టం.

నీళ్లు ఆర్ఓ డీఐవి, అంటే ఫిల్టర్లతో లవణాలన్నీ తీసేసినవి, కరిగిన పదార్థాలు కొలిచే టీడీఎస్ మీటర్లో 0 చూపిస్తేనే వాడా. కుళాయి నీళ్లు సముద్రపు ట్యాంక్‌కి వద్దనేదే నా గట్టి అభిప్రాయం. క్లోరిన్, క్లోరమైన్ మనం పెంచుదామనుకునే బ్యాక్టీరియానే చంపేస్తాయి, వాటిని మందు వేసి పోగొట్టినా ఫాస్ఫేట్, సిలికేట్, ఒక్కోసారి రాగి కూడా మిగిలిపోతాయి, రాగి కొంచెమున్నా నత్తలకీ రొయ్యలకీ పగడాలకీ ప్రమాదమే.

ఉప్పు అక్వేరియం కోసం అమ్మే సాల్ట్ మిక్సే వాడాలి, వంట ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ ఇవేవీ కావాల్సినంత ఉండవు. లీటరుకి 35 గ్రాముల పైన కొంచెం పట్టింది, మిక్స్‌లో తేమ ఉంటుంది కదా. విడిగా డ్రమ్ములో పంపు పెట్టి ఒక రోజంతా తిప్పా. ఎప్పుడైనా నీళ్లలోకి ఉప్పు వెయ్యాలి గానీ ఉప్పు మీద నీళ్లు పొయ్యకూడదు, అలా పోస్తే మొదట్లో గాఢత విపరీతంగా పెరిగి కాల్షియం కార్బొనేట్ తెల్లగా విడిపోతుంది, ఇక అది మామూలుగా కరగదు. టార్గెట్ సాలినిటీ, అంటే ఉప్పదనం, 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35), అంటే స్పెసిఫిక్ గ్రావిటీ దాదాపు 1.026. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతో సెట్ చేసుకోండి, ఒట్టి ఆర్ఓ నీళ్లతో సున్నా దగ్గర సెట్ చేస్తే సున్నా దగ్గర కరెక్టుగానే ఉండి మనకి కావాల్సిన 35 దగ్గర తేడా చూపించొచ్చు.

రాళ్లు డ్రై రాక్, అంటే జీవాలేమీ లేని ఎండు రాళ్లు. సముద్రపు జీవాలతో తడిగా వచ్చే లైవ్ రాక్ అయితే బ్యాక్టీరియా దాంతోపాటే వచ్చేస్తుంది, సైకిల్ తొందరగా అవుతుంది, కానీ ఐప్టేషియా అనే కుట్టే అనిమోన్, వేటాడే మాంటిస్ రొయ్య లాంటి అక్కర్లేని అతిథులు కూడా వస్తాయి. డ్రై రాక్‌లో ఆ భయం లేదు, బదులుగా ఓపిక పట్టాలి. నేను ఓపికే ఎంచుకున్నా. రాళ్లని ముందు కొన్నాళ్లు ఆర్ఓ నీళ్లలో నానబెట్టి ఫాస్ఫేట్ ఎంత వదులుతున్నాయో టెస్ట్ చేసి ఆ నీళ్లు పారబోశా. ట్యాంక్‌లో రాళ్లు ముందు అడుగున స్థిరంగా పేర్చి, ఆ తర్వాత చుట్టూ ఆరగొనైట్ ఇసుక వేశా, ఇసుక మీద రాళ్లు పెడితే రేపు ఇసుక తవ్వే చేప వచ్చినప్పుడు గుట్ట కూలే ప్రమాదం ఉంది.

ఇక అసలు విషయం, సైక్లింగ్. చేప వదిలే వ్యర్థాల్లో, మిగిలిపోయి కుళ్లిన తిండిలో అమ్మోనియా వస్తుంది, కొన్ని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇది రెండు వేరు వేరు జీవులు చేసే పని అని 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ తేల్చాడు. నాకు ఇంకా బాగా నచ్చిన సంగతి ఏంటంటే, ఈ మొదటి పని బ్యాక్టీరియా మాత్రమే కాకుండా ఆర్కియా అనే వేరే వర్గం ఏకకణ జీవులు కూడా చేస్తాయి, అలాంటి ఒకదాన్ని, నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్‌ని, సియాటెల్ అక్వేరియంలోని ఒక ఉష్ణమండల సముద్ర ట్యాంక్ నుంచే వేరుచేసి 2005లో ప్రకటించారు. అంటే మన హాబీకి చాలా దగ్గరి చోటే అది దొరికింది!

అమ్మోనియా ఎక్కణ్ణుంచి తేవాలి అన్నదానికి మూడు దార్లు. బతికున్న చేపని వేసి దాంతో సైకిల్ చేయించడం ఒకటి, అది నేను ఎవరికీ చెప్పను, అమ్మోనియా మొప్పల్ని దెబ్బతీస్తుంది, ఆ చేప బతికినా బాధపడే బతుకుతుంది. పచ్చి రొయ్య వేసి కుళ్లబెట్టడం రెండోది, పని చేస్తుంది గానీ ఎంత అమ్మోనియా వస్తుందో మన చేతిలో ఉండదు, పైగా ఫాస్ఫేట్ కూడా దిగుతుంది. మూడోది అమ్మోనియం క్లోరైడ్ కొలిచి వెయ్యడం, నేను చేసింది ఇదే. 160 లీటర్లకి 1 గ్రాము వేస్తే అమ్మోనియా దాదాపు 2 పీపీఎం, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములు, వస్తుంది. గ్రాముల్లో తూకం ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి 10 గ్రాములు 100 ఎంఎల్ ఆర్ఓ నీళ్లలో కలిపి పెట్టుకున్నా, అందులోంచి సిరంజితో 10 ఎంఎల్ తీస్తే ఒక డోసు. త్వరగా అయిపోతుందని ఎక్కువ వెయ్యొద్దు, 4, 5 పీపీఎం దాటితే సైకిల్ నెమ్మదించే అవకాశమే ఎక్కువ.

మొదటి వారం. 2 పీపీఎం వేశా, సైక్లింగ్ కోసం బాటిల్లో అమ్మే బ్యాక్టీరియాని రాళ్ల మీద పడేలా పోశా, హీటర్ 27 డిగ్రీలు, పవర్‌హెడ్‌ని, అంటే నీళ్లని కదిలించే పంపుని, నీటి పైభాగం బాగా కదిలేలా పైకి తిప్పి పెట్టా ఎందుకంటే ఈ బ్యాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి. సూక్ష్మజీవుల్ని చంపే యూవీ దీపం, బుడగలతో వ్యర్థాల్ని లాగేసే స్కిమ్మర్ రెండూ ఆపేశా, బాటిల్లోంచి పోసినవి రాళ్లకి పట్టుకునేదాకా. లైట్ పూర్తిగా ఆఫ్. వారమంతా అమ్మోనియా 2 దగ్గరే, నైట్రైట్ 0. ఏమీ జరగట్లేదనిపిస్తుంది కానీ ఇది మామూలే, ఈ బ్యాక్టీరియా మిగతా వాటిలా గంటలోపు రెట్టింపయ్యే రకం కాదు, ఒక్కసారి రెట్టింపవ్వడానికే చాలా గంటలు, ఒక్కోసారి రోజు దాకా పడుతుంది. ఈ టైమ్‌లో ఇంకో బాటిల్, ఇంకో మందు అని పోస్తూ ఉండకండి, వదిలేయండి.

రెండో వారంలో కదలిక వచ్చింది. అమ్మోనియా 1కి దిగింది, నైట్రైట్ టెస్ట్ లేత ఊదా రంగుకి వచ్చింది, ఇంకొన్ని రోజులకి అమ్మోనియా 0.25, నైట్రైట్ మాత్రం చార్ట్‌లో ఆఖరి రంగు దాటిపోయింది. ఇక్కడ చాలామంది కంగారుపడతారు, కానీ లెక్క చూడండి, 1 పీపీఎం అమ్మోనియా నుంచి సుమారు 2.7 పీపీఎం నైట్రైట్, అది నైట్రేట్ అయ్యేసరికి 3.6 పీపీఎం వస్తుంది, మధ్యలో ఆక్సిజన్ కలుస్తుంది కాబట్టి బరువు పెరుగుతుంది. కాబట్టి 2 పీపీఎం ఒక్క డోసుకే నైట్రైట్ 5 దాటడం సహజం. అసలు ఎంతుందో తెలియాలంటే ఒక వంతు ట్యాంక్ నీళ్లు, తొమ్మిది వంతులు ఆర్ఓ నీళ్లు కలిపి టెస్ట్ చేసి, వచ్చినదాన్ని 10తో గుణించండి.

అలాగే నైట్రైట్ ఎక్కువున్నన్నాళ్లు నైట్రేట్ టెస్ట్‌ని నమ్మొద్దు. చాలా కిట్లు నైట్రేట్‌ని ముందు నైట్రైట్‌గా మార్చి దాని రంగునే చూపిస్తాయి, కాబట్టి నీళ్లలో ముందే ఉన్న నైట్రైట్ కూడా అందులో కలిసిపోయి భారీ నంబర్ వస్తుంది. ఆ నంబర్ చూసి నీళ్లు మార్చడం వృథా.

ఇంకో మాట, మంచినీటి ట్యాంక్ నుంచి వచ్చినవాళ్లకి నైట్రైట్ అంటే పెద్ద భయం ఉంటుంది, అక్కడ అది నిజమే, రక్తం గోధుమరంగుకి మారి చేప ఊపిరాడక చచ్చిపోతుంది. ఉప్పునీళ్లలో క్లోరైడ్ విపరీతంగా ఉండటంవల్ల మొప్పల దగ్గర నైట్రైట్ లోపలికి పోవడం బాగా తగ్గిపోతుంది, అందుకే ఇక్కడ దాని విషప్రభావం చాలా తక్కువ. అయినా నేను అది సున్నా అయ్యేదాకా ఆగా, రెండో రకం బ్యాక్టీరియా కూడా కుదురుకుందని చెప్పే గుర్తు అదే కాబట్టి. అమ్మోనియా విషయంలో మాత్రం ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి, సముద్రపు నీటి పీహెచ్ 8 పైన ఉంటుంది, పీహెచ్ పెరిగేకొద్దీ విషపూరితమైన ఫ్రీ అమ్మోనియా వాటా పెరుగుతుంది.

మూడో వారం, ఆ పైన. అమ్మోనియా అడుక్కి వచ్చినప్పుడల్లా మళ్లీ డోసు. స్కిమ్మర్ ఆన్ చేశా. ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, కూడా చూస్తూ వచ్చా, మొదట్లో 9.5 డీకేహెచ్ (దాని కొలమానం) ఉన్నది 8 కిందికి జారింది, పీహెచ్ కూడా 8.2 నుంచి 8 దగ్గరకి. దీనికి కారణం సైక్లింగే, అమ్మోనియాని మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది, ప్రతి 2 పీపీఎంకీ 0.6, 0.7 డీకేహెచ్ దాకా తినేస్తుంది. ఇది బాగా పడిపోతే బ్యాక్టీరియా పని కూడా నెమ్మదిస్తుంది, అందుకని అప్పుడప్పుడు చూసుకోవడం మంచిది.

ఆవిరి విషయం కూడా చెప్పాలి. నీళ్లు ఆవిరైతే ఉప్పు లోపలే ఉండిపోతుంది, కాబట్టి తగ్గినంత మేరా ఒట్టి ఆర్ఓ నీళ్లే పొయ్యాలి, ఉప్పునీళ్లు పోస్తే సాలినిటీ పెరుగుతూ పోతుంది. అద్దం మీద టేప్ ముక్కతో గీత పెట్టి రోజూ ఆ గీత దాకా పోస్తున్నా, సాలినిటీ కదల్లేదు.

లైట్ ఆఫ్‌లో ఉన్నా గది వెలుతురుకే ఇసుక మీద గోధుమరంగు పొర వచ్చింది, అవి డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు, సిలికేట్ అయిపోతే అవే తగ్గుతాయి. ముట్టుకోలేదు.

సైకిల్ అయిందని ఎలా తేల్చానంటే, 2 పీపీఎం వేసి సరిగ్గా 24 గంటలకి టెస్ట్ చేశా, అమ్మోనియా 0, నైట్రైట్ 0. మళ్లీ ఇంకోసారి వేసి చూశా, అదే. క్యాలెండర్ చూసి ఆరు వారాలయ్యాయి కాబట్టి అయిపోయింది అనేదానికంటే ఈ టెస్టే నాకు నమ్మకం. నైట్రేట్ ఇప్పుడు నిజమైన నంబర్ చూపిస్తోంది, 25 ప్రాంతంలో ఉంది, వేసిన డోసులతో లెక్కేసినా అంతే వస్తోంది, చాలా ఆనందమేసింది. అదే సాలినిటీ, అదే ఉష్ణోగ్రతలో కలిపిన కొత్త నీళ్లతో సగం మార్చేశా, ఆల్కలినిటీ కూడా కొంత వెనక్కి వచ్చింది.

చేపలు వచ్చేదాకా బ్యాక్టీరియాకి తిండి ఆగకూడదు, అందుకని రెండ్రోజులకోసారి 0.5 పీపీఎం అంత, అంటే ఆ సిరంజిలో 2.5 ఎంఎల్ వేస్తున్నా. మొదటి చేపలు ఒక జత చిన్న ఆసిలారిస్ క్లౌన్‌ఫిష్. ఇప్పుడు అవి క్వారంటైన్ ట్యాంక్‌లో ఉన్నాయి, మెరైన్ ఇక్, వెల్వెట్ అనే పరాన్నజీవి రోగాలు ఒకసారి మెయిన్ ట్యాంక్‌లోకి వచ్చాయంటే రాళ్లున్న చోట రాగి మందు వాడలేం కదా. క్వారంటైన్ ఫిల్టర్‌కి పెట్టిన స్పాంజ్‌ని సైక్లింగ్ మొదట్నుంచీ మెయిన్ ట్యాంక్‌లోనే ఉంచా, దాంతో అక్కడ విడిగా సైకిల్ చెయ్యాల్సిన పని పడలేదు. మందు తగిలిన స్పాంజ్ మళ్లీ వెనక్కి తీసుకురాకూడదు, అది మాత్రం గుర్తుంచుకోండి.

రెండు ట్యాంకుల సాలినిటీ ఒకటే కాబట్టి మార్చేటప్పుడు ఉష్ణోగ్రత చూసుకుని నేరుగా వదిలేస్తా. దూరం నుంచి సంచిలో వచ్చిన చేపలకైతే గంటల తరబడి డ్రిప్ పెట్టడం, అంటే ట్యాంక్ నీళ్లు చుక్కచుక్కగా కలపడం, నాకు ఇష్టం లేదు, సంచిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోయి ఉంటుంది, మూతి విప్పగానే పీహెచ్ లేస్తుంది, అప్పటిదాకా పెద్దగా హాని చెయ్యని అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. అలాంటప్పుడు ముందే క్వారంటైన్ సాలినిటీని సంచి నీళ్లకి సరిపెట్టుకుని త్వరగా వదిలెయ్యడమే మేలు.

క్లౌన్‌లు వేశాక మొదటి వారం రోజూ అమ్మోనియా చూస్తా, తిండి కొంచెంగానే పెడతా, సున్నా నిలబడితేనే నత్తలు. తాంగ్ లాంటి పెద్ద చేపలు ఈ సైజు ట్యాంక్‌లో అసలు వెయ్యను.