కొత్త కార్డు ముందుగా ఏమి అడుగుతుంది?

మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆటలో కొత్త సెట్టు విడుదలయ్యే ముందు కార్డులను ఒక్కొక్కటిగా బయటపెడతారు. ఆ రోజుల్లో మా ఆదివారం ఆట మిత్రుల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఎవరో ఒకరు కార్డు బొమ్మ పంపుతారు. దాని కింద ఒకటే ప్రశ్న: "ఎలా ఉంది అక్కా?" జవాబు చెప్పే ముందు నేను బొమ్మనూ, దాని కింద రాసి ఉన్న మహిమనూ పక్కన పెట్టి, కుడివైపు పైమూలన ఉన్న ధర చూస్తాను. ఆ తర్వాత షరతులు చదువుతాను. ఆ కార్డు ఏమి ఇస్తుందో చివరికి చదువుతాను.

ఇది నా ఉద్యోగం నేర్పిన అలవాటు. హైదరాబాదులో ఒక మందుల కర్మాగారంలో కాస్ట్ అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. ఒక వస్తువు ఎంతకు అమ్ముడుపోతుందో చెప్పడానికి చాలామంది ఉంటారు, అది తయారయ్యేసరికి నిజంగా ఎంత ఖర్చయిందో తేల్చేది మా విభాగమే. కార్డుల విషయంలోనూ అంచనా తప్పేది ఎక్కువగా ఖర్చు లెక్క దగ్గరే అని నా గట్టి నమ్మకం.

ఆట తెలియనివారికి నాలుగు మాటలు. ఇద్దరు ఆటగాళ్లు చెరొక కట్టతో కూర్చుంటారు. కట్టలో కనీసం 60 కార్డులు, మామూలు ల్యాండ్లు తప్ప ఏ కార్డయినా నాలుగు ప్రతులకు మించకూడదు. చెరి 20 ప్రాణాలు. చేతిలో ఏడు కార్డులతో మొదలుపెట్టి, వంతుకు ఒక కార్డు తీసుకుంటారు, వంతుకు ఒక ల్యాండు వేస్తారు. ల్యాండ్ల నుంచి మానా వస్తుంది, మానా ఖర్చుపెట్టి మంత్రాలు వేస్తారు, జీవులను దింపుతారు. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అని ఐదు రంగులు. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితవేత్త రూపొందించిన ఈ ఆట 1993లో వచ్చింది.

ఆ మొదటి సెట్టులోనే కార్డుల విలువ గురించి గొప్ప పాఠం ఉంది. ఒక్కో రంగుకు ఒకటి చొప్పున ఐదు కార్డులు. ప్రతిదాని ధర ఒకే ఒక్క మానా, ప్రతిదీ "మూడు" ఇస్తుంది. తెలుపులో హీలింగ్ సాల్వ్ మూడు ప్రాణాలు ఇస్తుంది, లేదా మూడు దెబ్బలు ఆపుతుంది. నీలంలో యాన్సెస్ట్రల్ రీకాల్ మూడు కార్డులు ఇస్తుంది. నలుపులో డార్క్ రిచువల్ మూడు మానా. ఎరుపులో లైట్నింగ్ బోల్ట్ మూడు దెబ్బలు. ఆకుపచ్చలో జయంట్ గ్రోత్ ఒక జీవికి ఆ వంతు ముగిసేదాకా మూడు బలం (అది వేసే దెబ్బలు), మూడు దృఢత్వం (అది తట్టుకునే దెబ్బలు). కాగితం మీద ఐదూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. హీలింగ్ సాల్వ్‌ను గట్టి పోటీలకు ఎవరూ తీసుకురారు. యాన్సెస్ట్రల్ రీకాల్‌ను పాత కార్డులన్నిటితో ఆడే వింటేజ్ అనే పద్ధతిలో మాత్రమే అనుమతిస్తారు, అక్కడ కూడా కట్టకు ఒకే ప్రతి. తయారీదారులకు తేడా మొదటి నుంచీ కొంత తెలుసనుకుంటాను, ఐదింటిలో రేర్‌గా అచ్చు వేసింది దాన్నొక్కదాన్నే. (ప్యాకెట్లలో ఎంత అరుదుగా దొరుకుతుందో బట్టి కార్డులను కామన్, అన్‌కామన్, రేర్, అన్నిటికంటే అరుదైన మిథిక్ అంటారు.)

మూడు ప్రాణాలకూ మూడు కార్డులకూ అంత దూరం ఎందుకు? ప్రాణాలు 20 ఉన్నా, నాలుగు ఉన్నా మన మంత్రాలు ఒకేలా పనిచేస్తాయి. చివరి ప్రాణం పోయేదాకా మనం ఆటలోనే ఉన్నాం. కార్డు అలా కాదు, అది లేకపోతే ఆ వంతులో చేయడానికి పనే లేదు. 1995లో ఐస్ ఏజ్ సెట్టులో వచ్చిన నెక్రోపొటెన్స్ ఈ మారకపు రేటును తెరిచి చూపించింది. మూడు నల్ల మానా పెట్టి దాన్ని దింపితే, వంతుకు మామూలుగా వచ్చే కార్డు ఆగిపోతుంది. దానికి బదులు ఒక్కో ప్రాణం చెల్లించి ఒక్కో కార్డు కొనుక్కోవచ్చు, ఆ కార్డులు వంతు చివర చేతికి వస్తాయి. పైపైన చదివితే ఆత్మహత్యలా ఉంటుంది. మరుసటి ఏడాది పోటీలను ఆ నల్ల కట్టలే ఏలాయి. హీలింగ్ సాల్వ్ ఒక కార్డు తీసుకుని మూడు ప్రాణాలు ఇస్తే, నెక్రోపొటెన్స్ మూడు ప్రాణాలు తీసుకుని మూడు కార్డులు ఇస్తుంది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నవారు "ప్రాణం చెల్లించండి" అన్న షరతును చూసి మళ్లీ భయపడరు.

అచ్చువేసిన ధర, అసలు ధర ఒకటి కాకపోవడం ఇంకో సంగతి. 2014లో ఖాన్స్ ఆఫ్ టర్కిర్‌లో ట్రెజర్ క్రూజ్ అనే కామన్ కార్డు వచ్చింది. మూడు కార్డులు తీసుకో, ధర ఎనిమిది మానా. అయితే వాడేసి గ్రేవ్‌యార్డులో పడేసిన ఒక్కో కార్డును ఆట నుంచి తీసేస్తే ఒక్కో మానా తగ్గుతుంది, ఏడు దాకా. చౌక మంత్రాలతో రెండు మూడు వంతుల్లోనే గ్రేవ్‌యార్డు నింపే కట్టలు పాత సెట్లతోనూ ఆడే మోడర్న్, లెగసీ పద్ధతుల్లో అప్పటికే ఉన్నాయి. వాటి చేతిలో ఇది దాదాపు యాన్సెస్ట్రల్ రీకాల్ అయిపోయింది. 2015 జనవరిలో ఆ రెండుచోట్లా నిషేధించారు. కొత్త సెట్లతో మాత్రమే ఆడే స్టాండర్డ్‌లో ఇదే కార్డు హాయిగా కొనసాగింది, ఎందుకంటే అక్కడ గ్రేవ్‌యార్డు అంత వేగంగా నిండదు. అందుకే "ఎలా ఉంది?" అని అడిగేవారిని నేను "ఎక్కడ ఆడదామని?" అని తిరిగి అడుగుతాను. ఆ జవాబు లేకుండా ధర తేలదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ కాలాదేశ్. 2016 సెప్టెంబరు 30న విడుదలైన ఈ సెట్టు లోకాన్ని మన దేశపు పోకడలతో గీశారు. చీరకట్టును తలపించే దుస్తులు, ఇత్తడి జాలీ పనిలాంటి యంత్రాలు, సహీలీ రాయ్, రష్మి, పద్మకు దగ్గరగా వినిపించే పదీమ్ లాంటి పేర్లు. (ఆ లోకాన్నే 2025లో వచ్చిన ఏథర్‌డ్రిఫ్ట్‌లో ఆవిష్కార్ అన్నారు.) మనవాళ్లను పోలిన ముఖాలను ఈ కార్డుల మీద చూసి నేను పొంగిపోయాను, ఇప్పటికీ పొంగిపోతాను. ఆ ఇష్టాన్నీ, అంచనానూ రెండు వేర్వేరు పుటల్లో రాసుకోవాలని నాకు అనిపించింది కూడా ఈ సెట్టుతోనే.

రష్మినే తీసుకోండి. మిథిక్ కార్డు. నాలుగు మానా, అందులో ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. బలం రెండు, దృఢత్వం మూడు. ప్రతి వంతులో మనం వేసే మొదటి మంత్రానికి కట్టపైన ఉన్న కార్డును తెరిచి చూపిస్తుంది. అది ల్యాండు కాకుండా, మనం వేసినదానికంటే చౌకదైతే ఉచితంగా వేసుకోవచ్చు, లేదంటే చేతికి వస్తుంది. చదువుతుంటే నోరూరుతుంది. మా బల్ల దగ్గర అందరికంటే చిన్నవాడు దాన్ని చూపించి, "అక్కా, ఇది ఒక్క వంతు నిలబడితే ఆట మనదే కదా" అన్నాడు. నిజమే, నిలబడితే. దాని షరతు కార్డు మీద అచ్చువేసి లేదు. నాలుగు మానా పెట్టి దింపిన వంతులో రష్మి సాధారణంగా ఏమీ ఇవ్వదు. అదే సెట్టులోని హార్నెస్డ్ లైట్నింగ్ రెండు మానాకు మూడు ఎనర్జీ (మానాకు వేరుగా ఆటగాడు దాచుకుని ఖర్చుపెట్టుకునే పాయింట్లు) తెచ్చుకుని, దాన్ని ఖర్చుపెట్టి సరిగ్గా మూడు దెబ్బలు వేస్తుంది. రష్మి దృఢత్వం కూడా మూడే. మన నాలుగు మానా వంతు పోయింది, కార్డు పోయింది, ప్రత్యర్థి చేతిలో ఇంకా మానా మిగిలే ఉంది.

ఇప్పుడు దాని పక్కన రోగ్ రిఫైనర్ పెట్టండి. 2017 జనవరిలో వచ్చిన ఏథర్ రివోల్ట్ సెట్టులో అన్‌కామన్. అవే రెండు రంగులు, మూడు మానా, బలం మూడు, దృఢత్వం రెండు. దిగగానే ఒక కార్డు, రెండు ఎనర్జీ ఇస్తుంది. అంతే. ఏ పాత్ర పేరూ లేదు, ఏ అద్భుతమూ లేదు. ప్రత్యర్థి దాన్ని మరుక్షణం చంపనివ్వండి. ఆయన ఒక కార్డు ఖర్చుపెట్టాడు, మన చేతిలో బదులు కార్డు అప్పటికే ఉంది, పైగా రెండు ఎనర్జీ మిగిలింది. జీవిని చంపినట్టు ఎనర్జీని చంపడానికి వీల్లేదు, అది బల్ల మీద కాకుండా ఆటగాడి ఖాతాలో ఉంటుంది. ప్రతి కొత్త జీవినీ నేను ముందుగా ఇలాగే చంపి చూస్తాను. చచ్చాక నాకేమి మిగిలింది? రష్మి దగ్గర ఏమీ లేదు. రిఫైనర్ దగ్గర దాదాపు పెట్టుబడి అంతా తిరిగి వచ్చింది.

ఎనర్జీ చుట్టూ అల్లిన కట్టలకు నిజమైన ఆధారం ఇంకా చిన్న కార్డు. అట్యూన్ విత్ ఏథర్, కామన్. ఒక ఆకుపచ్చ మానాకు కట్టలోంచి ఒక మామూలు ల్యాండు వెతికి చేతికి తీసుకోవచ్చు, రెండు ఎనర్జీ వస్తుంది. ఇంతకుముందే ఒక మానాకు ల్యాండు మాత్రమే తెచ్చే లే ఆఫ్ ది ల్యాండ్ అనే కార్డు ఉండేది, దానికి పోటీల్లో పెద్ద పేరేమీ లేదు. అందువల్ల అట్యూన్‌ను "లే ఆఫ్ ది ల్యాండ్, కొంచెం మెరుగు" అని చదివి పక్కకు పెట్టడం సులభం. ఆ రెండు ఎనర్జీ దగ్గర ఆగి లెక్క వేయాలి. లాంగ్‌టస్క్ కబ్ రెండు ఎనర్జీకి శాశ్వతంగా ఒక మెట్టు పెరుగుతుంది. వర్లర్ వర్చువోసో మూడు ఎనర్జీకి ఎగిరే చిన్న యంత్రాన్ని చేసి ఇస్తుంది. అంటే అట్యూన్ మొదటి వంతులో ల్యాండు కొరత తీర్చి, రంగుల చిక్కు విప్పి, ఆ తర్వాతి జీవికి పెట్టుబడి కూడా జమచేసింది. ఇంత చేసి అది అడిగింది ఒక్క మానా.

2017 జూన్‌లో ఏథర్‌వర్క్స్ మార్వెల్ అనే మిథిక్ యంత్రాన్ని స్టాండర్డ్‌లో నిషేధించారు. ఆరు ఎనర్జీతో కట్టపైన ఉన్న ఆరు కార్డుల్లోంచి ఒకదాన్ని ఉచితంగా వేయించే ఆర్భాటపు కార్డు అది. అది పోయినా ఎనర్జీ కట్టలు తగ్గలేదు. ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచిన విలియం జెన్సెన్ స్టాండర్డ్‌లో ఆడింది టెముర్ ఎనర్జీయే, అంటే ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగుల ఎనర్జీ కట్ట. చివరికి 2018 జనవరిలో అట్యూన్‌నూ, రోగ్ రిఫైనర్‌నూ నిషేధించారు. కామన్ ఒకటి, అన్‌కామన్ ఒకటి. గెలుపు దెబ్బ వేసే కబ్‌ను, వర్చువోసోను ముట్టుకోలేదు. కొత్త సెట్టు జాబితాలో నేను మిథిక్‌ల కంటే ముందు కామన్లు చదవడానికి ఈ నిర్ణయం ఒక్కటే చాలు.

కాలాదేశ్‌లోనే వచ్చిన స్మగ్లర్స్ కాప్టర్ అనే వాహనం కార్డు గురించి ఎక్కువ చెప్పను. ఏ రంగయినా సరే రెండు మానా, నడపడానికి ఒక బలం ఉన్న చిన్న జీవి ఒకటి. ఇంత తక్కువ అడిగి, మూడు బలంతో ఎగురుతూ, దాడి చేసినప్పుడల్లా ఒక కార్డు తీసి ఒకటి పారేసుకోనిచ్చింది. రంగు అడగని కార్డు ప్రతి కట్టలోకీ దూరుతుంది. ఇదీ దూరింది, 2017 జనవరిలో నిషేధానికి గురైంది.

సహీలీ రాయ్ కథ మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో ఏ కార్డూ విడిగా చూస్తే భయపెట్టదు. సహీలీ మూడు మానా ప్లేన్స్‌వాకర్, అంటే మన పక్షాన నిలబడి సాయం చేసే పాత్ర కార్డు. మూడు లాయల్టీతో, అంటే తన శక్తులకు ఖర్చుపెట్టే పాయింట్లతో, దిగుతుంది. రెండు లాయల్టీ ఖర్చుపెట్టి మన జీవికి ఆ వంతు మట్టుకు ఉండే నకలు చేస్తుంది, ఆ నకలు వెంటనే దాడి చేయగలదు. తర్వాతి సెట్టులో ఫెలిడార్ గార్డియన్ అనే పిల్లి జాతి జీవి వచ్చింది. నాలుగు మానా, బలం ఒకటి, దృఢత్వం నాలుగు. దిగగానే మన ఇంకొక కార్డును బల్ల మీద నుంచి తీసి మళ్లీ పెడుతుంది. సహీలీ గార్డియన్‌కు నకలు చేస్తే, ఆ నకలు దిగి సహీలీని తీసి మళ్లీ పెడుతుంది. సహీలీ మూడు లాయల్టీతో కొత్తగా వచ్చి ఇంకో నకలు చేస్తుంది. అలా ఎన్ని పిల్లులు కావాలంటే అన్ని. మూడో వంతులో సహీలీ, నాలుగో వంతులో గార్డియన్, ఆట పూర్తి. గార్డియన్ బయటపడగానే ఆటగాళ్లు ఈ జంటను పట్టేశారు. తయారీదారులు ముందుగా దీన్ని గమనించలేదని తర్వాత వాళ్లే చెప్పారు. 2017 ఏప్రిల్ 24న స్టాండర్డ్‌లో మార్పులేమీ లేవని ప్రకటించి, రెండు రోజులకే గార్డియన్‌ను నిషేధించారు.

ఈ కథ విన్నాక చాలామంది ప్రతి కొత్త కార్డుకూ జంట వెతుకుతూ కూర్చుంటారు. అది అంతులేని పని. నేను చేసేది చిన్నది. "మన జీవి" అనకుండా "మన ఏ కార్డయినా" అని కార్డు రాస్తే, ఆ విశాలమైన మాట కింద గీత గీస్తాను. గార్డియన్ వాక్యం జీవులకే పరిమితమై ఉంటే సహీలీ దాని చేతికి చిక్కేది కాదు. షరతు ఎక్కడ వదులుగా ఉందో అక్కడే జంట దొరుకుతుంది.

ప్యాకెట్లు విప్పి 40 కార్డుల కట్టతో ఆడే డ్రాఫ్ట్‌లో లెక్కలు కొంత మారతాయి. అక్కడ జంటలు అరుదుగా చేతికందుతాయి, మామూలు జీవులు ఎదురెదురుగా నిలబడతాయి. కాబట్టి కార్డును నాలుగు సమయాల్లో ఊహిస్తాను: ఆట మొదట్లో, ఇద్దరమూ సమంగా ఉన్నప్పుడు, నేను గెలుస్తున్నప్పుడు, నేను ఓడిపోతున్నప్పుడు. గెలుస్తున్నప్పుడు మాత్రమే పనికొచ్చేదాన్ని వదిలేస్తాను. ఓడిపోతున్నప్పుడు పనికొచ్చేదానికి మార్కులు ఎక్కువ.

ఇప్పుడు 17ల్యాండ్స్ అనే సైటు ఈ ఆట కంప్యూటర్ రూపమైన ఆరీనా ఆడేవారి ఆటలను పోగుచేసి, ఏ కార్డు చేతికి వచ్చినప్పుడు ఎంత శాతం గెలిచారో చూపిస్తుంది. చాలా విలువైన పని, నేను రోజూ చూస్తాను. అయితే సెట్టు వచ్చిన మొదటి వారం చూడను. ముందు నా పుస్తకంలో ప్రతి కామన్‌కూ, అన్‌కామన్‌కూ ఒక వరుస రాస్తాను: అచ్చు ధర, అసలు ధర, చచ్చాక మిగిలేది. తర్వాత ఆ శాతాలతో పోల్చుకుంటాను. ఆ శాతం కార్డు ఒక్కదానిదే కాదు, అది కూర్చున్న కట్టది కూడా. బలమైన రంగులో ఉన్న సాధారణ కార్డు పైకి కనిపిస్తుంది, బలహీనమైన రంగులో ఉన్న మంచి కార్డు కిందికి పోతుంది. నా వరుసకూ ఆ శాతానికీ పొంతన కుదరని కార్డులు కొన్ని ప్రతిసారీ ఉంటాయి. వాటినే మా ఆదివారం బల్ల మీదికి తెచ్చి, నలుగురమూ వాదించుకుని, అవి ఉన్న కట్టలతోనే ఆడి చూస్తాం.